తెరమీద పాఠము, మంచమువద్ద శిక్షణ



నేను వైద్యుడను గాను, ఉపాధ్యాయుడను గాను. దస్త్రముల నడుమ కాలము గడుపు ఉద్యోగస్థుడను. అయినను నర్సుల విద్యనుగూర్చి నాలుగు మాటలు మనవిచేయుటకు నాకొక కారణము కలదు.

మా అక్కగారి కుమార్తె నర్సింగు చదువుచుండగా, 2020లో కోవిడ్ వలన కళాశాలలు మూతపడినవి. ఆమె ఇంటివద్ద ఫోనులోనే పాఠములు వినెను. రక్తప్రసరణమునుగూర్చిన పాఠమును అర్థమగువరకు మూడుమార్లు వింటినని నాతో చెప్పెను. నిండు తరగతిలో లేచి మరల చెప్పుడని అడుగగల ధైర్యము ఎందరికుండును? తెరమీది పాఠమునకుగల ఈ సుగుణమును కాదనరాదు.

పిమ్మట వార్డులో ఒకనాడు ఒక వృద్ధురాలి చేతినుండి రక్తము తీయవలసివచ్చెను. చేయవలసినదంతయు ఆమెకు కంఠస్థమే. కాని రక్తనాళము వ్రేలికి తగులలేదు, చేయి వణకెను. అనుభవశాలియైన సిస్టరుగారు ఆమె వ్రేలిని పట్టి సరియైనచోట నుంచి, "ఇక్కడ నొక్కి చూడమ్మా" అనిరి. "మామయ్యా, అది ఏ వీడియోలోనూ రాదు" అని ఆమె అన్నమాట నేను మరువలేదు.

1860లో ఫ్లోరెన్స్ నైటింగేల్ పేరిట లండనులోని సెంట్ థామస్ ఆస్పత్రిలో శిక్షణాలయము వెలసెను. రోగి మంచముచెంతనే నర్సు తయారుకావలెనని అది చాటినది. 1946లో మన ఢిల్లీలో నెలకొన్న నర్సింగు కళాశాల ఈ వృత్తికి విశ్వవిద్యాలయ పట్టమును, శాస్త్రజ్ఞానమును జతపరచినది. భారత నర్సింగు మండలి 2021లో సవరించిన బి.ఎస్‌సి. పాఠ్యప్రణాళిక, రోగిని తాకుటకు ముందు బొమ్మలపై అభ్యసించు ప్రయోగశాలకును చోటిచ్చినది. కావున వినుట, అభ్యసించుట, సేవచేయుట అను మూడు మెట్లును ఒకే నిచ్చెనకు చెందినవి. తెర మొదటి మెట్టు కాగలదు. కడపటి మెట్టు కాజాలదు.

హాజరుపట్టీ నిండినంతమాత్రమున పని పూర్తికాదని మన కచేరీలవారికి వేరుగ చెప్పనక్కరలేదు. తెరవలన మిగిలిన గంటలను మంచమువద్ద శిక్షణకు వినియోగించినచో అది లాభము. ఉపాధ్యాయినుల సంఖ్యను తగ్గించుటకు వినియోగించినచో, కాగితముపై కనబడు ఆ పొదుపును తుదకు రోగియే చెల్లించును.

మనలో ప్రతివారికిని ఏదో ఒకనాడు నర్సు చేయూత అవసరమగును. ఆనాడు మన చేయి పట్టు చేతికి, అంతకుముందొక గురువు చేయి తోడైయుండవలెనని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.