హాజరు పట్టీలో లేని గురువులు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి, "నువ్వు ఇంజనీరువి గదా, వంతెనల గురించో రోడ్ల గురించో ఓ పావుగంట మాట్లాడు" అన్నారు. వంతెనల గురించి ముప్ఫై ఏళ్ళుగా ఆఫీసులో మాట్లాడుతూనే ఉన్నాను. వినేవాళ్ళకు జీతాలిస్తారు కాబట్టి వింటారు. మీకు ఆ శిక్ష ఎందుకు? ఇవాళ డాన్సు నేర్పేవాళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పదలిచాను. వాళ్ళెక్కడి నుంచి వస్తారు, ఎలా బతుకుతారు, చివరికి ఏమవుతారు అన్నదే నా విషయం. రేపు మన సర్వసభ్య సమావేశంలో స్వర్ణోత్సవ నిధిని దేనికి ఖర్చు పెట్టాలో తేల్చుకోబోతున్నాం. ఈ మాటలకూ దానికీ సంబంధం ఉంది. అదేమిటో చివర్లో చెబుతాను.

మా అమ్మాయికి ఎనిమిదేళ్ళప్పుడు డాన్సు నేర్చుకుంటానంది. అప్పుడు మేం హైదరాబాదులో ఉన్నాం. ఒక పని కాంట్రాక్టరుకి ఇచ్చే ముందు అతను ఇదివరకు ఏం కట్టాడో, ఎవరి కింద పని నేర్చుకున్నాడో చూడటం మా ఉద్యోగంలో అలవాటు. అదే అలవాటుతో నాలుగు చోట్లకి వెళ్ళి, "మీరెవరి దగ్గర నేర్చుకున్నారండీ?" అని అడిగాను. ఒక్కరూ విసుక్కోలేదు. ఆ ప్రశ్న కోసమే ఎదురు చూస్తున్నట్టు చెప్పారు.

మొదటాయన ఒక అపార్టుమెంటు సెల్లారులో నేర్పుతున్నారు. మన పక్కనున్న కూచిపూడి ఆయన. ఇక్కణ్ణుంచి బస్సులో అరగంట దూరంలో ఉన్న ఊరి గురించి సెల్లారులో పాఠం చెప్పించుకున్నాను. వేదాంతం, వెంపటి, చింతా, పసుమర్తి, భాగవతుల లాంటి ఇంటిపేర్ల కుటుంబాల్లో మగపిల్లలకు ఆట నేర్పడం తరతరాల ఆచారం. ఆడవేషాలూ మగవాళ్ళే కట్టేవాళ్ళు. ఆ విద్యలో శిఖరం వేదాంతం సత్యనారాయణ శర్మ గారు. 1970లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన సత్యభామగా జడ ముందుకు వేసుకుని నిలబడితే ఆడవాళ్ళు కూడా చూసి నేర్చుకునేవారని మన పెద్దవాళ్ళు చెప్పుకునేవారు.

అయితే ఆ ఊళ్ళో విద్య ఉంది గాని, నెల తిరిగేసరికి చేతికొచ్చే జీతం లేదు. మేళంతో ఊరూరా తిరిగితేనే తిండి. అందుకే ఆ విద్య బతకడానికి ఊరు దాటింది. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి గారు కట్టుబాటును పక్కనపెట్టి స్త్రీలకు నేర్పారు. భరతనాట్యంలో అంతటి పేరున్న బాలసరస్వతి గారు కూడా ఆయన దగ్గర అభినయం నేర్చుకున్నారు. ఆయన శిష్యుడు వెంపటి చినసత్యం గారు మద్రాసు చేరి, సినిమాల్లో నృత్య దర్శకుడైన అన్నగారి వరస వెంపటి పెదసత్యం గారి దగ్గర సహాయకుడిగా పనిచేశారు. 1963లో అక్కడే కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. "మాయాబజార్"కు నాట్యం కూర్చిన పసుమర్తి కృష్ణమూర్తి గారిదీ ఈ ఊరి విద్యే. సి.ఆర్. ఆచార్యులు గారు గుజరాత్ వెళ్ళి, అహమదాబాదులో మృణాళినీ సారాభాయి గారి దర్పణ సంస్థలో నేర్పారు. చూడండి, ఒక్క పల్లెటూరి మనుషులు మద్రాసులో, అహమదాబాదులో, సినిమా స్టూడియోల్లో గురువులయ్యారు. ఇక్కడే కూర్చుని గురువుగా బతికినవాళ్ళు తక్కువ.

రెండో చోట నేర్పేది ఒక బ్యాంకు ఉద్యోగి భార్య. ఆవిడ తాతల్లో నాట్యం ఎరిగినవాళ్ళు ఎవరూ లేరు. విజయవాడలో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాలలో నాలుగేళ్ళ సర్టిఫికెట్టు, ఆపైన రెండేళ్ళ డిప్లొమా చేశారు. ఆవిడ గోడకు శోభానాయుడు గారి ఫొటో ఉంది. అనకాపల్లిలో పుట్టిన శోభానాయుడు గారు చినసత్యం గారి దగ్గర నేర్చుకుని, 1980లో హైదరాబాదులో శ్రీనివాస కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. 2020లో పోయేదాకా నేర్పుతూనే ఉన్నారు. "శంకరాభరణం"లో కనిపించిన మంజుభార్గవి గారూ చినసత్యం గారి శిష్యురాలే. ఆవిడ బెంగుళూరులో నేర్పారు. తెలంగాణ పల్లె నుంచి వచ్చిన రాజారెడ్డి గారు, రాధారెడ్డి గారు ఢిల్లీలో నాట్య తరంగిణి నడిపారు. అంటే మా నాన్నగారి తరంలో ఇంటిపేరు చూసి గురువును గుర్తుపట్టేవారు. మా తరం వచ్చేసరికి, గురువు ఎవరి శిష్యులో అడిగి తెలుసుకోవలసి వచ్చింది. మా అమ్మాయి తరానికి సర్టిఫికెట్టు కూడా తోడైంది.

ఆవిడే నాకు మరో సంగతి చెప్పారు. కూచిపూడి మగవాళ్ళకన్నా ముందునుంచీ గుళ్ళలో, సభల్లో నాట్యం చేసి, నేర్పిన స్త్రీలు మన కోస్తా జిల్లాల్లో ఉండేవారు. కలావంతులు అనేవాళ్ళం. వాళ్ళను గుళ్ళకు అంకితం చేయడాన్ని ఆపుతూ 1947లో మద్రాసు రాష్ట్రంలో చట్టం వచ్చింది. ఆడపిల్లల బతుకుల దృష్ట్యా ఆ చట్టం రావలసిందే. కాని దురాచారంతో పాటు విద్యకూ మర్యాద పోయింది. నేర్పగలిగినవాళ్ళు గజ్జెలు పెట్టెలో పెట్టేశారు. తర్వాత నటరాజ రామకృష్ణ గారి లాంటివాళ్ళు ఊరూరా తిరిగి వాళ్ళను వెతికి, బతిమాలి, మళ్ళీ నేర్పించారు. సరిదె మాణిక్యమ్మ గారు అలా వృద్ధాప్యంలో గురువుగా పేరు తెచ్చుకున్నారు. ఒక మనిషికి తెలిసిన విద్యకు సమాజం ఏ పేరు పెడుతుందన్న దాన్నిబట్టి ఆ మనిషి టీచరు అవుతుందో కాదో తేలుతుందని నాకు అప్పుడే అర్థమైంది.

మూడో చోటు కొత్త రకం స్టూడియో. అద్దాల గోడ, పెద్ద స్పీకర్లు. నడిపే కుర్రాడు సినిమాల్లో గ్రూపు డాన్సరు. హీరో వెనకాల మూడో వరసలో ఎనిమిదేళ్ళు ఆడాడు. షూటింగు ఉన్న రోజే కూలి. మోకాలు దెబ్బతిన్నాక స్టూడియో పెట్టాడు. పొద్దున ఆడవాళ్ళకు బరువు తగ్గే డాన్సు, సాయంత్రం పిల్లలకు సినిమా పాటలు, మాఘమాసం వస్తే సంగీత్ అని పెళ్ళివారికి స్టెప్పులు. "ఎక్కడ నేర్చుకున్నావు బాబూ?" అంటే నవ్వి, "టీవీ ముందు సార్, తర్వాత మాస్టర్ల చేత తిట్లు తిని" అన్నాడు. శాస్త్రం తెలియదని అతణ్ణి తక్కువ చేసేవాళ్ళున్నారు. ముప్ఫైమంది పిల్లల్ని గంటసేపు ఒకే తాళంలో నిలబెట్టగలవాడు టీచరు కాకపోతే ఎవరు టీచరో నాకు తెలియదు.

నాలుగో ఆవిడ పగలు సాఫ్టువేరు ఉద్యోగం, శని ఆదివారాలు కూచిపూడి క్లాసులు. తెల్లవారుజామున అమెరికాలో ఉన్న తెలుగు పిల్లలకు కంప్యూటరులో పాఠం. 2010 డిసెంబరులో హైదరాబాదులో 2,800 మందికి పైగా కలిసి కూచిపూడి ఆడి రికార్డు సాధించినప్పుడు ఆవిడా అందులో ఉందట. నలుగురిలోనూ ఆర్థికంగా నిశ్చింతగా ఉన్నది ఈవిడే. నిశ్చింతకు కారణం డాన్సు కాదు, సాఫ్టువేరు. ఈ మాట ఆవిడే అంది.

ఇక లెక్కలు. ఇంజనీరును కదా, ఇక్కడికి రాకుండా ఉండలేను.

డాన్సు టీచరు ఆదాయం పిల్లల ఫీజు. పరీక్షల నెలలో సగంమంది రారు. వేసవిలో అమ్మమ్మగారి ఊళ్ళకు పోతారు. హాలు అద్దె మాత్రం పన్నెండు నెలలూ కట్టాలి. అంతకన్నా పెద్ద దెబ్బ ఇంకొకటుంది. ఏడేళ్ళకు చేరిన పిల్లకు అడవులు కుదిరి, కాలు కంట్రోలుకు వచ్చి, ముఖంలో భావం పలకడం మొదలయ్యేసరికి ఏడో తరగతి, ఎనిమిదో తరగతి వస్తుంది. సరిగ్గా అప్పుడే ఐ.ఐ.టి. ఫౌండేషన్ అని మానిపించేస్తారు. పునాది, గోడలు పూర్తయ్యి శ్లాబు వేసే రోజున కట్టుబడి ఆపేసినట్టు. అలా ఒకటి కాదు, ఏడాదికి పది ఇళ్ళు ఆపేస్తే ఆ మేస్త్రీ మనసు ఎలా ఉంటుందో ఊహించండి.

రెండోది ఒళ్ళు. డాన్సు టీచరు పనిముట్టు తన శరీరమే. కాంక్రీటు శ్లాబు మీద టైల్సు పరిచిన నేల గట్టిగా ఉంటుంది, అడుగు వేసిన దెబ్బను మింగదు. ఆ దెబ్బ తిరిగి మడమకూ మోకాలికీ వస్తుంది. అదే మట్టి నేల గాని, కింద ఖాళీ వదిలి వేసిన చెక్క నేల గాని అయితే కొంత తను తీసుకుంటుంది. నేను చూసిన నాలుగు చోట్లలో చెక్క నేల ఒక్కదానికీ లేదు.

మూడోది రేపటి సంగతి. ఇరవైమంది ఉద్యోగులున్న సంస్థకు పి.ఎఫ్. చట్టం వర్తిస్తుంది. ఒక గురువు, ఒక మృదంగం, ఒక పాట, మహా అయితే ఒక సహాయకురాలు. ఇరవైమంది ఎక్కణ్ణుంచి వస్తారు? కాబట్టి పి.ఎఫ్. లేదు, గ్రాట్యుటీ లేదు. అరవై ఏళ్ళొచ్చినా తాళాలు పట్టుకుని కూర్చోక తప్పదు.

ఇప్పుడు మన బడికి వస్తాను.

1983లో "సాగర సంగమం", "ఆనందభైరవి" రెండూ వచ్చాయి. నేనప్పుడు తొమ్మిదో తరగతి. రెండింట్లోనూ డాన్సు గురువే కథానాయకుడు. మచిలీపట్నం వెళ్ళి చూసొచ్చి, మా క్లాసంతా డాన్సు మాస్టారి వెంట పడ్డాం. మా వయసు వాళ్ళందరికీ ఆయన గుర్తుండే ఉంటారు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, సైకిలు హ్యాండిలుకు గుడ్డసంచిలో తాళాలు. దసరా సెలవుల తర్వాత వచ్చేవారు, వార్షికోత్సవం అయ్యేదాకా ఉండేవారు. వేపచెట్టు కింద మట్టి నేల మీదే నేర్పేవారు. మా బ్యాచ్‌లో కాలు కదపలేని నన్ను కూడా పంపించెయ్యకుండా, తట్టుకర్ర చేతికిచ్చి తాళం వేయమన్నారు. లెక్క తప్పకుండా ఒక పనిని చివరిదాకా మోయడం నాకు మొదట నేర్పింది ఆయనే. లెక్కల మాస్టారు వేదిక మీదే ఉన్నారు, క్షమించాలి. ఆయన పంచుకోవడానికి ఒప్పుకుంటారనే నమ్మకంతో అంటున్నాను.

ఈ స్వర్ణోత్సవ సంచిక కోసం యాభై ఏళ్ళ ఉపాధ్యాయుల జాబితా తయారు చేశారు. ఎంతో శ్రమపడి చేశారు. డ్రిల్లు మాస్టారు, డ్రాయింగు మాస్టారు, క్రాఫ్టు టీచరు అందరూ ఉన్నారు. డాన్సు మాస్టారి పేరు లేదు. కమిటీ తప్పు లేదు. జాబితాను హాజరు పట్టీలు చూసి రాశారు. మన బడిలో డాన్సుకు పోస్టే లేదు కాబట్టి ఆయన ఏనాడూ ఆ పట్టీలో సంతకం పెట్టలేదు. ఆయనకిచ్చిన డబ్బు వార్షికోత్సవం ఖర్చుల్లో, షామియానాకూ మైకుసెట్టుకూ మధ్య ఎక్కడో రాసి ఉంటుంది. పదిహేను పదహారేళ్ళు మనకు నేర్పిన మనిషి షామియానా పక్కన ఉండిపోయారు.

అందుకని రెండు విన్నపాలు.

ఒకటి, ఆయన పేరును ఆ జాబితాలో ఉపాధ్యాయుడిగానే చేర్చండి. గౌరవ అతిథి అనో, సహకరించినవారు అనో వేయొద్దు.

రెండు, నిధి సంగతి. ముఖద్వారానికి పెద్ద ఆర్చి కడదామని ప్రతిపాదన ఉంది. డిజైను నేనే ఉచితంగా చేసిపెడతాను, కాదనను. కాని దానికన్నా ముందు ఒక పని చేద్దాం. యాభై బ్యాచ్‌లున్నాం. బ్యాచ్‌కి లక్ష చొప్పున యాభై లక్షలు. ఏడు శాతం వడ్డీ వచ్చినా ఏడాదికి మూడున్నర లక్షలు. నెలకు పాతికవేల జీతంతో, వేసవి నెలలతో సహా, ఒక నాట్యం టీచరును పెట్టుకోవడానికి మూడు లక్షలవుతుంది. మిగిలిన యాభైవేలల్లో కొంత ఆ టీచరు పేరున పింఛను ఖాతాలో వేద్దాం, మిగతాది గజ్జెలకూ తాళాలకూ సరిపోతుంది. 2020 జాతీయ విద్యా విధానం కూడా స్థానిక కళాకారులను బళ్ళలో బోధకులుగా పెట్టుకోమంటోంది. వాళ్ళు మనకు అరగంట దూరంలోనే ఉన్నారు. ఫీజు కట్టగలిగిన ఊళ్ళ పిల్లలకు సెల్లారులైనా ఉన్నాయి. మన బడికి నడిచొచ్చే పిల్లలకు, మనం పెడితే తప్ప, ఆ విద్య లేదు.

కూచిపూడి పేరు కాలిఫోర్నియాలో వినపడుతోందని గర్వపడుతున్నాం. మంచిదే. మన బడి ఆవరణలో వినపడి ఎన్నేళ్ళయిందో ఇక్కడున్న ప్రస్తుత ఉపాధ్యాయులు చెప్పాలి.

రేపు చేతులెత్తే ముందు ఈ లెక్క ఒక్కసారి సరిచూడండి. తప్పుంటే దిద్దండి. ఒప్పయితే మాత్రం చెయ్యి ఎత్తండి. కొత్త టీచరు చేరిన రోజున హాజరు పట్టీలో మొదటి సంతకం మన గురువులందరి ఎదుట పెట్టిద్దాం.