పురుషుల మూత్ర బాధలు: దాచుకొనవలసినవి కావు
(గ్రామ పంచాయతీ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠము)



వీధి దీపము వెలుగనిచో, మురుగు కాలువ పూడినచో, మంచినీటి గొట్టము పగిలినచో మీ యొద్దకు వెంటనే ఫిర్యాదు వచ్చును. కాని యేబది యేండ్లు దాటిన మగవారు ఎందరో నిత్యము అనుభవించుచు, వైద్యునితో గాని, కడకు ఇంటి యిల్లాలితో గాని చెప్పుకొనని బాధ యొకటి కలదు. అది మూత్రమునకు సంబంధించిన బాధ. సభలో మాటాడుటకు ఇది తగిన విషయమా యని కొందరికి తోచవచ్చును. మాటాడకపోవుట చేతనే ఇది ముదురుచున్నది గనుక దీనిని గూర్చి చెప్పుట మా విధి యని తలంచుచున్నాము.

మగవారికి మూత్రాశయము క్రింద, మూత్రనాళము చుట్టును ప్రొస్టేటు అను గ్రంథి యుండును. యౌవనములో అది పెద్ద ఉసిరికాయంత యుండి సుమారు 20 గ్రాములు తూగును. వయస్సు మీరిన కొలది ఇది పెరుగుట సహజము. 50, 60 ఏండ్ల మధ్య నున్న పురుషులలో ఇంచుమించు సగము మందికిని, 80 దాటిన వారిలో పదింట తొమ్మండుగురి వరకును ఇది కొంత పెరిగి యుండును. అయితే పెరిగిన వారందరికిని బాధ కలుగదు.

గట్లు లోపలికి జరిగిన బోదెలో నీరు సన్నగిల్లినట్లే, పెరిగిన గ్రంథి నాళమును నొక్కగా మూత్రధార సన్నగిల్లును. మూత్రాశయపు కండరము బలముగా నెట్టి నెట్టి తుదకు అలసిపోవును. అపుడు కొంత మూత్రము లోపలనే నిలిచిపోయి, క్రిములు చేరుటకును రాళ్లు కట్టుటకును తావిచ్చును. ఏండ్ల తరబడి అశ్రద్ధ చేసినచో మూత్రపిండములు సైతము చెడిపోవచ్చును.

బాధ యెంతటిదో తెలిసికొనుటకు అమెరికా దేశపు మూత్రవ్యాధి వైద్యుల సంఘమువారు 1992లో ఏడు ప్రశ్నలను రూపొందించిరి. నేడు అనేక దేశములలో వైద్యులు వీనినే అడుగుచున్నారు. గడచిన నెల దినములలో—

1. ఒంటికి పోయి వచ్చిన పిదపను ఇంకను మిగిలియున్నట్లు తోచినదా?
2. రెండు గంటలు గడువక మునుపే మరల పోవలసి వచ్చినదా?
3. ధార ఆగి ఆగి వచ్చినదా?
4. వచ్చినపుడు ఆపుకొనుట కష్టమైనదా?
5. ధార సన్నగిల్లినదా?
6. మొదలుపెట్టుటకు ముక్కవలసి వచ్చినదా?
7. రాత్రి నిద్రనుండి ఎన్ని మారులు లేవవలసి వచ్చినది?

ఒక్కొక్క ప్రశ్నకు, బాధ లేనిచో సున్న మొదలుకొని మిక్కిలిగా నున్నచో 5 వరకు మార్కులు. మొత్తము 35. ఏడు వరకైన స్వల్పము. 8 నుండి 19 వరకు మధ్యమము. 20 గాని, అంతకు మించి గాని యైనచో తీవ్రము. ఇవి బాధను కొలుచును గాని వ్యాధి యేదియో తేల్చవు. అది వైద్యుని పని.

ఏలయన, ఇట్టి బాధలన్నిటికిని ప్రొస్టేటే మూలము కాదు. షుగరు వ్యాధి యున్నవారికి మూత్రము మాటిమాటికి వచ్చును. మంట, జ్వరము ఉన్నచో క్రిములు చేరియుండవచ్చును. రాళ్లు, నాళము ఇరుకగుట, నరముల జబ్బులు కూడ కారణములు కావచ్చును. జలుబునకు వాడు కొన్ని మాత్రల వలన సైతము మూత్రము బిగియును. మన పల్లెలలో మాత్రము ఏ మూత్ర బాధ కలిగినను “వేడి చేసినది” అని బార్లీ నీళ్లతోను, సబ్జా నీళ్లతోను నెలలు గడపుచుందురు. ఆ నీళ్ల వలన హాని లేదు. ఆలస్యము వలననే హాని.

మరికొందరు మాటిమాటికి లేవవలసి వచ్చునని నీరు త్రాగుటనే మానుదురు. ఎండలో పొలము పని చేయువారికి ఇది మిక్కిలి ప్రమాదకరము. పగలు చాలినంత నీరు త్రాగి, నిద్రకు రెండు మూడు గంటల ముందు తగ్గించుట మేలు. సాయంకాలము వేళ కాఫీ, టీలను తగ్గింపవలెను, మద్యము మానవలెను.

ఈ పెరుగుదల క్యాన్సరు కాదు, క్యాన్సరుగా మారదు. కాని ప్రొస్టేటు క్యాన్సరు అను వేరొక వ్యాధి కలదు. అది మొదట ఏ లక్షణమును చూపకపోవచ్చును. కావున తండ్రికి గాని, అన్నదమ్ములకు గాని అది వచ్చిన వారు ఆ సంగతి వైద్యునికి తెలుపవలెను. మూత్రములో ఒక్క మారు రక్తము కనిపించినను, తానే తగ్గినది గదా యని ఊరకుండరాదు.

మూత్రము బొత్తిగా బిగిసి, పొత్తికడుపు ఉబ్బి, నొప్పితో విలవిలలాడు మనిషికి ఇంకను నీళ్లు త్రాగించుట, తెల్లవారనిమ్మనుట తగదు. తక్షణమే 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్పవలెను. అచట మెత్తని గొట్టము వేసి మూత్రము తీయగనే ఉపశమనము కలుగును.

చికిత్సను గూర్చి భయము వలదు. స్వల్పమైన బాధకు అలవాట్ల మార్పే చాలవచ్చును. నాళపు బిగువును సడలించు మందులు కొలది దినములలోనే పని చేయును. వీని వలన లేచి నిలుచునపుడు కన్నులు తిరుగవచ్చును గనుక నెమ్మదిగా లేవవలెను. గ్రంథిని తగ్గించు మందులకు ఆరు మాసములైనను పట్టవచ్చును, నడుమ మానరాదు. అవసరమైనచో పొట్ట కోయకుండ మూత్రమార్గము గుండనే పరికరము పంపి శస్త్రచికిత్స చేయుదురు. “ఆపరేషను వలన మగతనము పోవునేమో” యను సందేహముతో ఏండ్లు గడపువారు, దానిని వైద్యునినే మొగమాటము లేక అడుగవలెను.

ఇక పంచాయతీ చేయదగిన పనులు మూడు. మొదటిది, ఈ ఏడు ప్రశ్నలను గ్రామసభలో చదివి వినిపించి, బాధపడువారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపుట. రెండవది, సంతలోను, బస్సు ఆగు చోటను, పంచాయతీ కార్యాలయమునందును శుభ్రమైన మూత్రశాలలను నడపుట. అవి లేని చోట వృద్ధుడు ఇల్లు కదలుటకే జంకును. మూడవది, వృద్ధులున్న యిండ్లలో మంచమునుండి మరుగుదొడ్డి వరకు రాత్రివేళ వెలుతురుండునట్లు ప్రబోధించుట. చీకటిలో నాలుగు మారులు లేచు మనిషికి ఒక్క మారు కాలు జారిన తుంటి యెముక విరుగవచ్చును.

సభ్యురాండ్రకు ఒక మనవి. భర్త రాత్రులందు ఎన్ని మారులు లేచుచున్నాడో ముందుగా నెరుగునది భార్యయే. ఆమెతో మీరు మాటాడుట సులభము. సభ్యులైన సోదరులకు వేరొక మనవి. ఈ ప్రశ్నలను ఊరివారిని అడుగుటకు ముందు మీరే వేసికొనుడు. బాధ యున్నచో మీరే మొదట ఆసుపత్రికి పోవుడు. సర్పంచి పోయిన దారిలో పోవుటకు ఊరిలో ఎవరును సిగ్గుపడరు.