పొదుగుకోడికి ఇద్దామా, మిషన్‌కు ఇద్దామా?

 

కుట్టుమిషన్లు ఇచ్చినట్టే ఒంటరి ఆడవాళ్లకు గుడ్లు పొదిగే మిషన్లు ఇద్దామని కొందరు దాతలు అంటున్నారు. ఉద్దేశం మంచిదే. అయితే మన కర్నూలు, కడప ఎండలు చూసుకుని రూపాయి పెట్టాలి.

కోడిగుడ్డు పిల్ల కావడానికి 21 రోజులు. మిషన్లో వేడి 37.5 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. 18వ రోజు దాకా గుడ్లను రోజుకు నాలుగైదు సార్లు తిప్పాలి. చివరి మూడు రోజులు తేమ 65 శాతం పైన కావాలి. వేసవిలో మన గాలిలో తేమ ఎక్కడిది? గిన్నెలో నీళ్లు ఎండితే గుడ్డులోని పొర గట్టిపడి, పిల్ల బయటికి రాలేక లోపలే చస్తుంది. ఇక కరెంటు. అరగంట పోతే ఫరవాలేదు, రాత్రంతా పోతే గుడ్లన్నీ పోయినట్టే. మిషన్ ఇచ్చే దాత బ్యాటరీ కూడా ఇస్తారా?

నాటుకోడి ఇవన్నీ తనే చూసుకుంటుంది. పది పన్నెండు గుడ్లు చాలు, ఎక్కువైతే అంచు గుడ్లు చల్లారతాయి. గంపలో వరిగడ్డి పరిచి, పేలు పట్టకుండా వేపాకు వేయడం మన అవ్వలకు ఎవరూ నేర్పనక్కరలేదు. ఏడో రోజు రాత్రి సెల్‌ఫోన్ లైటు మీద గుడ్డు పెట్టి చూడండి. ఎర్రటి నరాలు కనబడనివి తీసేయాలి.

అసలు నష్టం పొదగేయక ముందే జరుగుతుంది. మే నెలలో రేకుల ఇంట్లో దాచిన గుడ్డులో పిండం కాస్త కదిలి చచ్చిపోతుంది. తడి ఇసుకలో కుదురుగా పెట్టిన కుండలో దాచి, వారంలోపే పొదగేయాలి. మా మాట వింటే చలికాలమే మేలు.

రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తెచ్చిన వనరాజా, గ్రామప్రియ కోళ్లు గుడ్లు బాగానే పెడతాయి, పొదుగుకు మాత్రం కూర్చోవు. వాటిని పిల్లలుగానే కొనివ్వాలి.

ఒక వీధిలో పదిమందికి కోళ్లిస్తే అందరూ ఒకే రోజు పొదగేయాలి. కొక్కెర తెగులుకు లసోటా చుక్కలు మొదటి వారంలోనే వేయాలి. సీసా తెరిస్తే కొద్ది గంటల్లోనే వాడేయాలి. ఆ సీసా పది కోళ్ల పిల్లలకూ సరిపోతుంది, ఒక్క ఇంటికి తెరిస్తే వృథా.

జకాత్ సొమ్ముతో కొన్న కోడి ఆ తల్లి సొంతం కావాలి, సొసైటీ పేర ఉండకూడదు. అందరికీ కలిపి ఒక మిషన్ పెట్టాలనుకునే దాతలు లిల్లాహ్ పద్దులో రాయించండి. రసీదు పుస్తకాలు రెండూ వేరుగా ఉన్నాయి.