సూక్ష్మజీవి ఇచ్చిన మందు



మొన్న శంషాబాదులో మా పక్కింటావిడ కళ్లనీళ్లతో వచ్చింది. ఆవిడ చెల్లెలి కొడుకు ఆరేళ్లవాడు. రక్త కాన్సరని తేలిందట. "అక్కా, సూక్ష్మజీవి నుంచి తీసిన మందు ఎక్కిస్తరట. ఉన్న రోగం చాలదా, పైనుంచి క్రిములా? మా చెల్లె వద్దంటున్నది, మీరేమంటరు?" అని అడిగింది. ఆవిడకు చెప్పిందే ఈవేళ మీకూ చెబుతాను.

ఆ మందు పేరు ఆస్పరాజినేజ్. మన పేగుల్లో కాపురముండే ఇ.కోలి అనే సూక్ష్మజీవి తయారుచేసే ప్రోటీను అది. ఇంజెక్షనులో ఉండేది శుద్ధిచేసిన ప్రోటీనే గాని, బతికున్న క్రిమి కాదు.

మన ఒంట్లోని కణాలకు ఆస్పరాజిన్ అనే పదార్థం అవసరం. మామూలు కణాలు ఎవరి వంట వారు చేసుకున్నట్లు దాన్ని సొంతంగా తయారుచేసుకుంటాయి. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రక్త కాన్సరు కణాలకు ఆ వంట అంతగా చేతకాదు, రక్తంలోంచి తెచ్చుకోవలసిందే. ఈ మందు రక్తంలో ఉన్న ఆస్పరాజిన్‌ను విరగ్గొట్టేస్తుంది. దాంతో జబ్బు కణాలు పస్తులుండి చస్తాయి. అలాగని పిల్లవాడికి పప్పూ అన్నం మానిపించకండి. పథ్యం సంగతి డాక్టరుగారే చెబుతారు.

1953లో అమెరికాలో జాన్ కిడ్ అనే వైద్యుడు గినీపందుల రక్తరసంతో ఎలుకల్లో కాన్సరు గడ్డలు కరగడం చూశాడు. ఆ మహిమ ఆస్పరాజినేజ్‌దేనని 1961లో బ్రూమ్ కనిపెట్టాడు. కాని ఎన్ని గినీపందులని తెస్తాం? ఇ.కోలి ప్రోటీనుకూ అదే గుణముందని 1964లో తేలింది. సూక్ష్మజీవినైతే తొట్లలో ఎంతైనా పెంచవచ్చు కదా!

దీనికి తోడుగా ఇచ్చే మందుల్లో మెథోట్రెక్సేట్ ఒకటి. భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారి బృందం కృషి దాని వెనుక ఉంది. వారు తయారుచేసిన అలాంటి మందుతోనే 1948లో బోస్టనులో సిడ్నీ ఫార్బర్ ఈ జబ్బు పిల్లలకు కొంతకాలం ఉపశమనం కలిగించాడు. ఆ ఏడే సుబ్బారావుగారు కన్నుమూశారు.

ఆస్పరాజినేజ్‌ను 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. ఇలాంటి మందుల కోసమే మా శంషాబాదు విమానాశ్రయంలో చల్లని గోదాములున్నాయి. మిమ్మల్ని బయట కొని తెమ్మంటే ఐసు డబ్బాలో తీసుకెళ్లండి, గడ్డకట్టనివ్వకండి. పరాయి ప్రోటీను గనుక కొందరికి పడదు. దద్దుర్లు, ఆయాసం, విపరీతమైన కడుపునొప్పి వస్తే తక్షణం డాక్టరుకు చెప్పండి.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఒకటుంది. కొన్ని వారాలకే పిల్లవాడు తేరుకుని ఆడుకుంటాడు. "తగ్గిపోయిందిగా" అని వైద్యం ఆపేస్తే జబ్బు తిరగబెడుతుంది. రెండు మూడేళ్లు ఓపిక పట్టాలి. పూర్తి వైద్యం అందిన పిల్లల్లో ఎక్కువమంది కోలుకుంటున్నారు. ఖర్చుకు భయపడేవారు హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. ప్రభుత్వ కాన్సరు ఆస్పత్రికి వెళ్లండి, ఆరోగ్యశ్రీ గురించి అడగండి.

వదలని జ్వరం, పాలిపోయిన ముఖం, దెబ్బ తగలకుండానే కమిలిన మచ్చలు కనబడితే దిష్టి తీసి ఊరుకోకండి, రక్తపరీక్ష చేయించండి.

మా పక్కింటావిడ మర్నాడే చెల్లెల్ని వెంటబెట్టుకుని ఆస్పత్రికి బయలుదేరింది. వెళ్లేముందు ఐసు డబ్బా అడిగి పట్టుకెళ్లింది.

సెలవు.