ముందు అడగండి, తరువాత లారీ ఎక్కించండి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇలాంటి సభల్లో మనం సాధించినవి చెప్పుకోవడం మామూలే. నాకిచ్చిన పది నిమిషాల్లో నేను చేసిన ఒక పొరపాటు చెబుతాను. అది పాత ఆఫీసు కుర్చీల సంగతి. నవ్వకండి. ఇక్కడున్నవాళ్లలో చాలామంది ఏదో ఒక ఆఫీసులో సంతకం పెట్టే స్థానంలో ఉన్నారు. రేపో మాపో ఈ ఫైలు మీ దగ్గరికీ వస్తుంది.

మా తొమ్మిదో తరగతి గదిలో మాస్టారి కుర్చీకి ఒక కాలు పొట్టి. దాని కింద పెంకుముక్క సర్దడం క్లాసు లీడరు పని. ఏటా వేసవి సెలవుల్లో వడ్రంగి వచ్చి, విరిగిన బల్లలన్నీ వరండాలో పేర్చుకుని, రెండు విరిగినవాటితో ఒక మంచి బల్ల చేసేవాడు. ఈ బడిలో బల్లను పారేయడం నేనెప్పుడూ చూడలేదు.

2021లో, కరోనా వల్ల అందరూ ఇళ్ల నుంచే పనిచేస్తున్న రోజుల్లో, మాదాపూర్‌లోని మా కంపెనీ తన మూడు అంతస్తుల్లో ఒకటి ఖాళీ చేసింది. భవనం పనులు చూసే ఇంజనీరును కాబట్టి ఆ బాధ్యత నాదే. నెలాఖరుకల్లా గోడలు తప్ప ఏమీ మిగలకూడదని యజమాని షరతు. 110 చక్రాల కుర్చీలు, అన్నే బల్లలు. కంపెనీల చట్టం, 2013 లెక్కలో ఫర్నిచరు ఆయుష్షు మామూలుగా 10 ఏళ్లు. మా పుస్తకాల్లో వాటి విలువ దాదాపు సున్నాకి వచ్చేసింది.

పాత సామాన్ల వ్యాపారి వచ్చి ఇనుముకీ అల్యూమినియానికీ కిలోల చొప్పున ధర కట్టాడు. బల్లల పైపలకలు తీసుకెళ్లాలంటే మాత్రం మమ్మల్నే ఎదురు డబ్బివ్వమన్నాడు. అతని తప్పేం లేదు. అవి అసలు చెక్క కాదు. చెక్కపొట్టును జిగురుతో కలిపి నొక్కి, పైన లామినేట్ అతికించిన పార్టికల్ బోర్డు. కరిగించి మళ్లీ వాడుకునేది కాదు, పొయ్యిలో పెడితే జిగురు పొగ.

అప్పుడు నాకు మన మండలంలోని ఒక ఉన్నత పాఠశాల గుర్తొచ్చింది. అక్కడి ప్రధానోపాధ్యాయురాలు మన బడిలోనే నాకంటే మూడేళ్లు వెనక చదివారు. ఈ రోజు ఈ సభలోనే ఉన్నారు. ఆవిడ అనుమతితోనే ఇదంతా చెబుతున్నాను. ఫోను చేసి "కుర్చీలు, బల్లలు పంపిస్తున్నానమ్మా" అన్నాను. "చాలా సంతోషం అన్నయ్యా" అన్నారు. లారీ కదిలింది. ఫొటోలు తీశాం. ఆఫీసులో చప్పట్లు కొట్టారు. ఆ రాత్రి నాకు హాయిగా నిద్ర పట్టింది.

ఆరు నెలల తరువాత ఊరికి వచ్చినప్పుడు ఆ బడికి వెళ్లాను. ఒక గదికి తాళం వేసి ఉంది. కిటికీలోంచి చూస్తే లోపల మా కుర్చీలు, ఒకదాని మీద ఒకటి. నున్నటి టైల్స్ మీద తిరిగే చక్రాలు ఆ నాపరాళ్ల సందుల్లో ఇరుక్కుని విరిగిపోయాయి. పిల్లలు వాటి మీద గిరగిరా తిరిగారు. తిరగరా మరి? ఒక అబ్బాయి పడి గడ్డం చీలి, మూడు కుట్లు పడ్డాయి. బల్లలేమో పెద్దవాళ్ల ఎత్తువి, 75 సెంటీమీటర్లు. ఆరో తరగతి పిల్లవాడు కూర్చుంటే భుజాలు పైకి లేచిపోతాయి. పైగా నాడు–నేడు పనుల్లో ఆ బడికి డ్యూయల్ డెస్కులు అప్పటికే వచ్చాయి. వాన తగిలిన బోర్డులు అటుకుల్లా ఉబ్బిపోయాయి.

"పారేయకపోయారా?" అన్నాను. ఆవిడ స్టాకు రిజిస్టరు తెచ్చి చూపించారు. ఒకసారి అందులో ఎక్కిన వస్తువును హెడ్‌మాస్టరు తన ఇష్టానికి పారేయడానికి లేదు. పనికిరాదని తేల్చడానికి ఒక పద్ధతి ఉంది. టీ ఇచ్చి, మెల్లగా అన్నారు: "అన్నయ్యా, ఏమీ అనుకోకండి. మీరు మాకు కుర్చీలివ్వలేదు. మా సైన్సు గది తీసుకున్నారు."

ఎనిమిదో తరగతి పిల్లలు అప్పుడు వరండాలో కూర్చుని పాఠం వింటున్నారు. వాళ్లను దాటుకునే బయటికి రావాలి. తల ఎత్తలేకపోయాను. నేను చేసింది దానం కాదు. నా చెత్తను వద్దనలేని వాళ్ల గుమ్మంలో దించి వచ్చాను.

ఆ గది ఖాళీ చేయించడానికి ఆవిడ కాగితాల మీద, నేను లారీ మీద తిరిగాం. నాలుగు నెలలు పట్టింది.

2023లో రెండో అంతస్తు ఖాళీ చేశాం. ఈసారి 90 బల్లలు. మూడు నెలల గడువు ముందే అడిగి తీసుకున్నాను. ప్రతి వస్తువుకీ పొడవు, వెడల్పు, ఎత్తు, ఉన్న లోపం రాసి ఫొటోతో జాబితా చేశాను. మొదట మా వాచ్‌మన్లకు, హౌస్‌కీపింగ్ వాళ్లకు చూపించాను. అన్నేళ్లు ఆ బల్లలు తుడిచింది వాళ్లే. ఒకావిడ ఇంటర్ చదివే కూతురి కోసం ఒక బల్ల, చక్రాల్లేని కుర్చీ ఎంచుకున్నారు. కుట్టు శిక్షణ కేంద్రం వాళ్లు పొడవాటి బల్లలు, తాళం పడే సొరుగు పెట్టెలు అడిగారు. ఒక ట్యూషన్ మాస్టారు పార్టిషన్లకున్న గుడ్డ పలకలు కావాలన్నారు, నోటీసు బోర్డులకట. నాకా ఆలోచనే రాలేదు. మన హెడ్‌మిస్ట్రెస్ గారు రెండు ఇనుప బీరువాలు, ఆరు బల్లలు మాత్రమే అడిగారు. ఏడోది వద్దన్నారు.

ఆ ఆరింటికీ ఇనుప కాళ్లు సుమారు 60 సెంటీమీటర్లకు కోయించి రబ్బరు బుష్‌లు వేయించాం. ఈ బోర్డుకు ఒకసారి ఊడదీసిన స్క్రూ అదే రంధ్రంలో మళ్లీ పట్టదు. రంధ్రంలో ఫెవికాల్ రాసిన చెక్క మేకు దిగగొట్టి బిగించాలి. అందుకని లారీతో పాటు వడ్రంగినీ పంపాను. బీరువా తాళంచెవులు పిడికే కట్టాం. పనికిరాకపోతే మా ఖర్చుతో మేమే వెనక్కి తీసుకుంటామని కాగితం రాసిచ్చాం.

90 బల్లల్లో 64 ఇళ్లకు చేరాయి. 26 తుక్కుకే వెళ్లాయి. ఈసారి ఫొటోలు తీయలేదు. తుక్కుకు వెళ్లినవాటి గురించి బాధా లేదు. తుక్కును తుక్కనడం కూడా మర్యాదే.

మిత్రులారా, మన బడికి ఏదైనా ఇవ్వాలని మీ అందరికీ ఉందని తెలుసు. ఇవ్వండి. కానీ మన గురువులు మొహమాటస్తులు. మనం ప్రేమగా తెచ్చినది వద్దని అనలేరు. కాబట్టి వద్దనే అవకాశం మనమే ముందుగా వాళ్లకివ్వాలి.

బయట రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఒక నోటుపుస్తకం పెట్టాను. ఎడమ పేజీలో మీ దగ్గరున్నవి రాయండి. కుడి పేజీలో, ఎవరికేం కావాలో కొలతలతో సహా రాయాలి. ముందు కుడి పేజీ నిండాలి. మొదటి పంక్తి మన హెడ్‌మిస్ట్రెస్ గారు పొద్దునే రాశారు: "సైన్సు గదికి నాలుగు స్టూళ్లు. చక్రాలు వద్దు."