లెక్కకెక్కిన మనుషులు, పేరెక్కని కాపురాలు
(నెల్లూరు తీరంలోని కూలి కుటుంబం, విక్టోరియా కాలపు జనాభా లెక్కలు: స్మారకోపన్యాసం)

1881 ఏప్రిల్ 3 రాత్రి ఇంగ్లండు పల్లెల్లో ఏ వ్యవసాయ కూలీ ఇంట్లో ఎవరెవరు పడుకున్నారో, వాళ్ల పేర్లేమిటో, వయసెంతో ఈనాటికీ చదువుకోవచ్చు. గణకులు రాసిన ఆ పుస్తకాలు భద్రంగా ఉన్నాయి. అదే ఏడు ఫిబ్రవరి 17 రాత్రి నెల్లూరు జిల్లాలోనూ ఇల్లిల్లూ లెక్కించారు. కానీ పట్టికలు తయారయ్యాక ఇక్కడి ఇంటి కాగితాలను దాచలేదు. మనకు దక్కినవి మొత్తాలే. వాటిని పంటల క్యాలెండరుతోనూ, మనుషుల పేర్లు రాసుకున్న ఇతర దస్తావేజులతోనూ కలిపి చదివినప్పుడే కూలి కుటుంబం మన కంటికి ఆనుతుందని నా వాదన.

ముందు ఆ మొత్తాలు చెప్పేదేమిటో చూద్దాం. ఒంగోలు, కందుకూరు కూడా కలిసి ఉన్న అప్పటి నెల్లూరు జిల్లాలో 1871లో దాదాపు 13.8 లక్షల మంది ఉంటే, 1881 నాటికి 12.2 లక్షలే మిగిలారు. నడుమ 1876-78 కరువు వచ్చింది. పదేళ్లలో పెరగవలసిన జనం తరిగిపోయారు. ఎవరు చనిపోయారో, ఎవరు వలస పోయారో పట్టిక చెప్పదు. అయినా గింజల నిల్వ లేని ఇల్లే ముందు కూలుతుంది. వానలు తప్పితే కయ్యల్లో పని ఆగుతుంది, కూలిగా వచ్చే ధాన్యం ఆగుతుంది, ధర మాత్రం ఆకాశానికెక్కుతుంది. ఆ తరుగుదలలో పెద్ద వాటా కూలి ఇళ్లదేనని అనుకోవడానికి ఈ క్రమమే ఆధారం.

లెక్క జరిగిన తేదీని కూడా గమనించాలి. ఫిబ్రవరి ఈ తీరంలో వరికోతల కాలం. భర్త కొడవలి పట్టి మునుం సాగిస్తుంటే భార్య పనలు కడుతుంది, పిల్లలు రాలిన వెన్నులు ఏరుకుంటారు. కళ్లం దగ్గర కొలిచి ఇచ్చే గింజలు ఇంటిల్లిపాది కష్టానికీ ఫలితం. ఎండలు ముదిరితే అదే కుటుంబం ఇస్కపల్లి వంటి చోట్ల ఉప్పుమళ్లకు పోవచ్చు. పట్టికలో మాత్రం మనిషికి ఒక్క వృత్తే. ఏడాది పొడవునా మారే బతుకును ఒక్క రాత్రి లెక్కలో పట్టాలని చూసినప్పుడు మొదట జారిపోయేది ఆడవాళ్ల, పిల్లల కష్టం.

జనాభా లెక్క పాలన కోసం చేసినది, దాన్ని కుటుంబ చరిత్ర అడగడం అన్యాయం కదా అని అనవచ్చు. ఆ మాటలో నిజముంది. ఇంగ్లండు పుస్తకాల్లోనూ కూలీ భార్య వృత్తి గడి తరచు ఖాళీగానే కనిపిస్తుంది. అయితే అక్కడ ఆమె పేరు మిగిలింది కనుక మిగతా దస్తావేజుల్లో ఆమెను వెతకవచ్చు. ఇక్కడ ఆ దారి మూసుకుపోయింది. నేను ఆ లెక్కను తప్పుపట్టడం లేదు, దానొక్కదాన్నే సాక్ష్యంగా తీసుకోవడాన్ని తప్పుపడుతున్నాను.

మరి పేర్లెక్కడ దొరుకుతాయి? కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పనిని ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ గుత్తకు తీసుకుని కూలీలకు పని ఇచ్చాడు. ఆ మిషన్‌లో 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. వాళ్లలో అత్యధికులు మాదిగ కూలి కుటుంబాల వాళ్లు. బాప్తిస్మం గుంపుకు ఇచ్చేది కాదు, మనిషి మనిషికీ ఇచ్చేది. జనాభా పట్టికలో అంకెగా మిగిలిన స్త్రీని పేరుతో వెతకవలసిన చోట్లలో బాప్తిస్మాలు నమోదయ్యే క్రైస్తవ సంఘాల పుస్తకాలు మొదటివి.

అవి మతం మారిన వాళ్ల గురించే చెబుతాయి, అందరికీ వర్తించవు అన్న అభ్యంతరం సరైనదే. జనాభా పట్టికలో అందరూ ఉన్నారు, పేర్లు లేవు. సంఘం పుస్తకంలో పేర్లుంటాయి, అందరూ ఉండరు. ఒకదాని లోటును మరొకటి పూడుస్తుంది గనుకనే రెండింటినీ పక్కపక్కన పెట్టాలంటున్నాను. పట్టా ఉన్నవాడి చరిత్రను రెవెన్యూ కచేరీ కాపాడింది. సెంటు భూమి లేనివాడి చరిత్రను కాపాడే బాధ్యత మనది. సంఘాల పుస్తకాలు, ఉప్పు కొఠార్ల లెక్కలు, కరువు పనుల కాగితాలు చెదపట్టకముందే ఊరూరా వెతికి నకళ్లు తీయించాలని ఈ సభను కోరుతున్నాను.