ఉప్పుగాలిలో పికప్పు బండి



నెల్లూరునుండి మైపాడు పోవు బాటలో తెల్లవారుజామున మూడు గంటలకు నిలిచి చూచినచో, చెరువుగట్లనుండి వరుసగా వచ్చుచున్న చిన్న లారీలు కనబడును. జనులు వానిని పికప్పులందురు. ముందు ఇద్దరు కూర్చుండు చోటు, వెనుక తొట్టి, తొట్టిలో రొయ్యల పెట్టెలు, పెట్టెలలో మంచు. ఈ బండి పదిపన్నెండు సంవత్సరములు నిలువవలెనన్న ఏమి చేయవలెను, మొదట ఎక్కడ చెడును అను సంగతి కొనునాడు మాకెవరును చెప్పలేదు. మా కుటుంబములో 2011 మొదలు ఇట్టి బండ్లు రెండు నడిచినవి. ఇరుగుపొరుగు రైతుల బండ్లను గూడ దగ్గరనుండి చూచితిమి. ఆ అనుభవమునే నేడు మనవి చేయుచున్నాము.

తేలికరకపు లారీలు మన తెలుగునాటికి కొత్తవి కావు. జహీరాబాదులో 1980ల దశకముననే ఆల్విన్ నిస్సాన్ బండ్లు తయారైనవి. ఆ కర్మాగారము 1989లో మహీంద్రా వారి చేతికి వచ్చెను. టాటా వారి టాటామొబైలు 1988లో బయలుదేరెను. మనకు దక్షిణముననే, తడకు సమీపమునగల శ్రీసిటీలో, 2016లో ఇసుజు వారి పికప్పుల కర్మాగారము తెరువబడెను. 2009లో వెన్నామి రొయ్య మనదేశమునకు వచ్చిన తరువాత తీరగ్రామములలో వీని అవసరము మరింత పెరిగినది.

కొనవచ్చినవాడు మొదట అడుగునది ఇంజనును గురించియే. మేమును అట్లే అడిగితిమి. మా మొదటి బండి ఇంజనును మూడు లక్షల కిలోమీటర్లు దాటువరకు విప్పవలసిన పని కలుగలేదు. ఆయిలు వేళకు మార్చుట, గాలి వడపోతను దులుపుట తప్ప దానికి మేము చేసిన సేవ ఏమియు లేదు. అల్లూరు వైపున, ముత్తుకూరు వైపున మేము విచారించిన రైతులలో పలువురు ఇదే మాట చెప్పిరి. బండి పోవునది పైనుండి కాదు, క్రిందినుండి.

దీనికి కారణము ఉప్పు. సముద్రజలము లీటరులో సుమారు 35 గ్రాముల ఉప్పుండును. గాలితో వచ్చిన ఉప్పుపొర ఇనుముపై కూర్చుండి, గాలిలో తేమ నూటికి 75 పాళ్లు దాటగానే తానే నీటిని పీల్చుకొని తడియగును. మన తీరమున రాత్రివేళ తేమ అంతకు మించుట సామాన్యము. అందుచేత చూచుటకు పొడిగా నిలిచియున్న బండి సయితము రాత్రియంతయు తడిలో నానుచున్నట్లే లెక్క. దీనికి తోడు రొయ్యలకు ఇంచుమించు సరితూకముగా మంచు వేయుదురు. ఆ మంచు కరగి, చెరువునీటితో కలిసి, తొట్టి సందులగుండ చట్రముపైకి, బ్రేకు గొట్టములపైకి, వెనుక కమాన్లపైకి దారితప్పక కారును.

ఇచ్చట మా తెలివితక్కువను గూడ చెప్పుట న్యాయము. బండిని ప్రతిదినము కడిగించుచున్నామని మేము గర్వించెడివారము. కడిగినది చెరువుగట్టు బోరునీటితో. సముద్రమునకు దగ్గరగానున్న ఆ బోరులో నీరే ఉప్పు! నాలుగు సంవత్సరములు ఉప్పును ఉప్పుతో కడిగితిమి. మాకు ఈ సంగతి తెలిపినది ఒక ముసలి మెకానిక్కు. ఆయన బండిక్రింద దూరి, చిన్న సుత్తితో చట్రమును వరుసగా తట్టుచు పోయెను. కొన్నిచోట్ల కంగున మ్రోగెను. కొన్నిచోట్ల చప్పున అణగిపోయెను. "ఇంజనుకేం గాదు సామీ, అది మీకంటే ఎక్కువ కాలం బతుకుద్ది. ఈడ చూడండి ముందు," అని వ్రేలుతో పొడువగా తుప్పు పెచ్చులుగా రాలెను. అప్పటికిని మాకు బుద్ధి పూర్తిగా రాలేదు. పంట పట్టుబడి రోజులని, తరువాత చూతమని వాయిదా వేసితిమి.

ఆ వాయిదాకు ఫలితము ఒక రాత్రి కనబడెను. నిండు బరువుతో పట్టణమునకు వచ్చుచుండగా, ఒక మలుపున గేదె అడ్డము రాగా, మా డ్రైవరు బ్రేకు త్రొక్కెను. పెడలు నేలకు దిగిపోయెను. వెనుక చక్రములకు పోవు సన్నని ఇనుప గొట్టము తుప్పుచే పగిలినది. ఈ బండ్లలో బ్రేకు రెండు దారులుగా అమర్చబడియుండుటచే ముందరి చక్రములకు కొంత పట్టు మిగిలెను. అతడు గేరు తగ్గించి, బండిని రోడ్డుప్రక్క ఇసుకలోనికి దింపెను. మనిషి దక్కెను. వేరొక బండి వచ్చుసరికి తెల్లవారెను. సరకులో సగము ధర పోయెను. ఆ గొట్టము వెల కొన్ని వందల రూపాయలు. ఇంటికి వచ్చి అతని భార్య ముఖము చూచుటకు మాకు సిగ్గయినది.

అది మొదలు కాలువ మంచినీటితో, బండిని ఎత్తైన చోట నిలిపి, క్రిందిభాగమును కడిగించుచున్నాము. ఆరునెలలకొకసారి బ్రేకు గొట్టములను ఒక్కొక్కటిగా గుడ్డతో తుడిచి చూచుచున్నాము. పాత డ్రైవర్లు చట్రమునకు వాడిన ఇంజనాయిలు పూయుదురు. ఇనుమునకు అది మంచిదే కాని, రబ్బరు బుష్షులపై పడినచో అవి ఉబ్బి చెడును. కావున మేము ఆ పద్ధతి మానితిమి. అధికభారమునకై కమానులో అదనపు పట్టీ వేయించు అలవాటొకటి గలదు. పట్టీ నిలుచును, దెబ్బ మాత్రము చట్రమునకు తగిలి, కమాను కొక్కెము వద్ద బీట వచ్చును. కావలి వైపు మిత్రుడొకడు దీనిని రెండుమార్లు వెల్డింగు చేయించి, మూడవమారు బరువే తగ్గించుకొనెను.

వరదనీటి మాట గూడ మరువరాదు. 2015 నవంబరు వానలలో మా బండి మోకాలిలోతు నీటిలో నడిచెను. నడిచి వేడెక్కిన ఇరుసు చన్నీటిలో మునుగగానే లోపలి గాలి ముడుచుకొని, గాలి తూముగుండ నీటిని పీల్చును. పదిదినముల తరువాత ఆయిలు విప్పగా పాలవలె తెల్లగా దిగెను. వెంటనే మార్చుటచే పళ్లు దక్కినవి.

2020 ఏప్రిలు తరువాత వచ్చిన బీయస్-6 బండ్ల సంగతి వేరు. పొగలోని మసిని పట్టు జల్లెడ అందు గలదు. అది తన్ను తాను కాల్చుకొనుటకు మిక్కిలి వేడి కావలెను. చెరువునుండి మంచు ఫ్యాక్టరీకి, అచ్చటినుండి చెరువుకు తిరుగు పొట్టి ప్రయాణములలో ఆ వేడి పుట్టదు. కావున మా రెండవ బండిని వారమున కొకసారి జాతీయ రహదారిపై గంటసేపు నడిపించుచున్నాము. డీజిలులో నీటిని వేరుచేయు గిన్నెను వదలక ఖాళీ చేయుచున్నాము.

మొదటి బండిని 2022లో అమ్మజూపితిమి. చట్రమునకు నల్లరంగు వేయించినచో మంచి ధర వచ్చునని ఒక దళారి చెప్పెను. కొనవచ్చినవాడు కూరగాయల వ్యాపారము మొదలిడగోరు యువకుడు. మేమా సుత్తిని అతని చేతికిచ్చి తట్టి చూడుమంటిమి. అతడు రెండుచోట్ల తట్టి, నమస్కరించి వెళ్లిపోయెను. ఇంటిలో కొందరికి మాపై కోపము వచ్చిన మాట నిజము. తుదకు చట్రము పాత ఇనుముగా తూకమునకు పోయినది. ఇంజనును మాత్రము పొరుగూరి రైతొకడు కొనిపోయి జనరేటరుకు బిగించుకొనెను. కరెంటు పోయిన రాత్రులలో అతని చెరువులోని చక్రములను అదియే త్రిప్పుచున్నది.